బాలల హోములో పిల్లవాడి నిద్రకూ, కలెక్టరేట్‌లో రివ్యూ మీటింగుకూ ఏమిటి సంబంధం? రెంటినీ కలిపేది అక్కడి సిబ్బంది పని వాతావరణం.

నెల్లూరు స్టేషన్లో పదకొండేళ్ల పిల్లవాడు ఒక్కడే బండి దిగాడనుకుందాం. విజయవాడ–చెన్నై లైను మీద ఇది కొత్త సంగతి కాదు. రైల్వే పోలీసులు చూస్తారు, లేదా ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు. ప్రయాణానికి పట్టే టైము మినహాయించి 24 గంటల్లోపల వాణ్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ ఆర్డరు ఇస్తే హోముకు పంపుతారు. అక్కడ సూపరింటెండెంటు, కేస్ వర్కరు, కౌన్సెలరు, డాక్టరు, హౌస్ ఫాదరు, వంటమనిషి ఉంటారు. తర్వాత జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి సోషల్ వర్కరు ఇంటి విచారణకు వెళ్తారు. రెండు వారాలు తిరిగేసరికి కనీసం పదిమంది పెద్దవాళ్లు వాణ్ని "మీదేవూరు, మీ నాయన ఏం చేస్తాడు" అని అడిగి ఉంటారు.

ఈ పదిమందికీ యజమాని ఒకడు కాడు. పోలీసులు ఎస్పీకి జవాబు చెప్పుకోవాలి. కమిటీ ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు మూడేళ్ల గడువుతో గౌరవ వేతనం మీద కూర్చున్నవాళ్లు. సంరక్షణ విభాగం మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద, మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరు (పీడీ), కలెక్టరు పర్యవేక్షణలో నడుస్తుంది. హోములో ఒకరిద్దరు రెగ్యులర్ ఉద్యోగులుంటే, మిగిలినవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్. ఇంతమంది మధ్య పని ఎలా నడుస్తోంది, తప్పు జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది, కష్టం ఎవరితో చెప్పుకోవచ్చు అన్నదే పని వాతావరణం. భవనం, బీరువాలు, సీసీ కెమెరాలు దీని కిందికి రావు. ఇన్‌స్పెక్షన్లలో మాత్రం ముందు లెక్కకు వచ్చేవి అవే.

ఆఫీసులో సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా ఉంటే పిల్లవాడికేంటి, వాడికి మూడు పూటలా తిండి, బడి, పడక ఉంటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. దీన్ని అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో చార్లెస్ గ్లిసన్, ఆంథొనీ హెమెల్‌గార్న్ అనే ఇద్దరు పరిశోధకులు మూడేళ్లపాటు పరిశీలించి 1998లో ఫలితాలు ప్రకటించారు. 24 కౌంటీల్లోని 32 ప్రభుత్వ ఆఫీసులు, వాటి సేవలు పొందిన 250 మంది పిల్లలు వాళ్ల లెక్కలో ఉన్నారు. పిల్లల మానసిక, సామాజిక స్థితి బాగుపడటాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించింది ఆఫీసు వాతావరణమేనని తేలింది. సిబ్బంది మధ్య గొడవలు తక్కువగా ఉండటం, సహకారం, ఎవరి పని ఏదో స్పష్టంగా ఉండటం, ఎదుటి మనిషిని కేసుగా కాక మనిషిగా చూడటం వాళ్లు కొలిచిన అంశాలు.

ఆ అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది, మనవాళ్లకు అంతగా రుచించనిది. శాఖల మధ్య సమన్వయం పెంచితే పిల్లల ఫలితాలు మెరుగుపడలేదు. పైగా సేవల నాణ్యత తగ్గింది. మన దగ్గర ఏ సమస్య వచ్చినా ముందు వేసేది సమన్వయ కమిటీ. పోలీసు, విద్య, వైద్యం, కార్మిక శాఖ, ఐసీడీఎస్ అందరూ ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటారు. మినిట్స్ రాసుకుంటారు. "మా వంతు అయిపోయింది, లెటర్ పెట్టేశాం" అని ఎవరికి వాళ్లు లేస్తారు. పిల్లవాడు అందరి బాధ్యత అయ్యాడు కాబట్టి వాడి కోసం ఫలానా రోజు ఫలానా ఊరికి వెళ్లాల్సింది ఎవరన్నది తేలదు. సమన్వయం వద్దని దీనర్థం కాదు. ఆఫీసు లోపల సఖ్యత లేకుండా బయటి మీటింగులు పెంచితే బాధ్యత పలచబడిపోతుందంతే.

ఇక ఈ వాతావరణం పిల్లవాడి దాకా ఏ దారిన చేరుతుందో చూద్దాం. పక్క తడపడం దగ్గర ఇది బాగా కనిపిస్తుంది.

హోముకొచ్చిన పిల్లల్లో ఎనిమిది, పదేళ్లవాళ్లు కూడా రాత్రిళ్లు పక్క తడపడం మామూలే. ఆరు నెలలకు పైగా మానేసిన అలవాటు మళ్లీ మొదలైతే మనసులో ఏదో భయం ఉండొచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగరు కూడా కారణం కావచ్చు. లైంగిక వేధింపు జరుగుతోందనడానికి సూచన కావడమూ ఉంది. కాబట్టి చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. పరుపు మీద రెక్సిన్ వేయాలి. రెండు జతల దుప్పట్లు, నిక్కర్లు పిల్లవాడి చేతికందేచోట పెట్టాలి. మిగతా పిల్లలు లేవకముందే చడీచప్పుడు లేకుండా మార్పించాలి. సాయంత్రం టీ మాన్పించాలి, పడుకోబోయేముందు బాత్రూముకు పంపాలి. మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించాలి. ఏ రాత్రి తడిపాడో తేదీలు రాయాలి. ఆ తేదీల పక్కన ఆ పగలు ఇంటి నుంచి ఫోన్ వచ్చిందా, గదిలోకి కొత్త పిల్లవాడు వచ్చాడా, ఆ రాత్రి డ్యూటీ ఎవరిది అన్నవి కూడా రాయాలి.

చివరిదాన్ని రాయడానికే చెయ్యి ఆడదు. ముప్ఫైమంది పిల్లల మధ్య రాత్రంతా ఒక్కడే ఉండే హౌస్ ఫాదరు, ఔట్‌సోర్సింగ్ మనిషి, పొద్దున సూపరింటెండెంటు గదిలోకి వెళ్లి "రెండో నంబరు గదిలో పిల్లోడు మళ్లీ పక్క తడిపుండాడు సార్" అన్నాడనుకుందాం. "నువ్వేం చేస్తున్నావ్ రాత్రంతా? నిద్రపోతున్నావా?" అన్నది జవాబైతే, మర్నాటి నుంచి ఆ సంగతి ఆ గది దాటి పోదు. తడిసిన దుప్పటిని పిల్లవాడి చేతనే అందరి ముందూ ఉతికిస్తాడు. మిగతావాళ్లు నవ్వుతారు. భయం పెరుగుతుంది, పక్క ఇంకా తడుస్తుంది. అదే సూపరింటెండెంటు "ఎన్నో రాత్రి ఇది? రాశావా? డాక్టరుకు చూపిద్దాం" అంటే కథ వేరేగా నడుస్తుంది. పిల్లవాడి మీద పడే చూపు, హౌస్ ఫాదరు మీద పడ్డ చూపునుబట్టే ఉంటుంది. సూపరింటెండెంటు అలా కసరడానికి వెనక కూడా ఒక కారణం ఉంటుంది. ముందు రోజు టెలికాన్ఫరెన్సులో, నలభైమంది వింటుండగా, ఆయన్ని అలాగే ఎవరో కసిరి ఉంటారు.

పిల్లలు పారిపోవడం దగ్గరా ఇదే తంతు. పిల్లవాడు కనపడకపోతే పోలీసులకూ కమిటీకీ వెంటనే తెలపాలి. అందులో రెండో మాట లేదు. కానీ హోము మంచిచెడ్డలను ఎంతమంది పారిపోయారన్న ఒక్క అంకెతోనే తూచితే ఏమవుతుంది? గేటుకు తాళం పడుతుంది. సాయంత్రం ఆట ఆగిపోతుంది. బయటి బడికి పంపడం మానేసి లోపలే ట్యూషన్ అంటారు. అంకె సున్నాకు వస్తుంది, రివ్యూలో మెచ్చుకుంటారు. పారిపోయిన పిల్లవాడు తిరిగొచ్చినప్పుడు "ఎందుకెళ్లావురా" అని నిదానంగా అడిగేవాళ్లుండరు. అడిగితే వచ్చే జవాబు ఒక్కోసారి పెద్ద పిల్లల వేధింపు, ఒక్కోసారి సిబ్బంది చేయిచేసుకోవడం. కొట్టడం గురించి చట్టం కఠినంగానే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 82వ సెక్షన్ కింద సంస్థలో పిల్లల్ని శారీరకంగా దండిస్తే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే 3 నెలల దాకా జైలు. క్రూరంగా ప్రవర్తిస్తే 75వ సెక్షన్ కింద సంస్థ సిబ్బందికి 5 ఏళ్ల దాకా కఠిన శిక్ష, 5 లక్షల దాకా జరిమానా. తన కింద పనిచేసేవాళ్లు లైంగిక నేరం చేసినట్టు తెలిసీ చెప్పని సంస్థ బాధ్యులకు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద ఏడాది దాకా జైలు ఉంది. ఇన్ని ఉన్నా విషయం బయటికి రావాలంటే ముందు ఒక ఆయానో వాచ్‌మనో నోరు విప్పాలి. నోరు విప్పినవాళ్ల కాంట్రాక్టు వచ్చే ఏడాది రెన్యూ అవుతుందా లేదా అన్నది అందరూ చూస్తుంటారు.

పిల్లలు తామే చెప్పుకోవడానికి సలహాల పెట్టె అని ఒకటుంది. బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నియమావళి ప్రకారం దాన్ని ఆఫీసుకు దూరంగా, పిల్లల గదులకు దగ్గరగా పెట్టాలి. తాళంచెవి హోము మేనేజ్‌మెంట్ కమిటీ ఛైర్‌పర్సన్ దగ్గర ఉండాలి. వారానికోసారి ఆయనో, సంరక్షణ విభాగం నుంచి ఆయన పంపినవాళ్లో పిల్లల కమిటీ సభ్యుల ఎదుట తెరవాలి. ఎవరైనా హోముకు వెళ్తే ముందు ఈ పెట్టె ఎక్కడుందో చూడండి. సూపరింటెండెంటు తలుపు పక్కనే, సీసీ కెమెరా కింద ఉంటే అందులో చీటీ వేసే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే సూపరింటెండెంటు తన డ్రాయరు లాగినా విషయం అర్థమైపోయినట్టే. పెట్టె ఎప్పుడూ ఖాళీగా ఉందంటే ఫిర్యాదులు లేవని సంబరపడటం పొరపాటు. నడిచే పెట్టెలో "పప్పులో ఉప్పు ఎక్కువ" లాంటి చీటీలు తప్పకుండా పడతాయి. చిన్న చీటీలకు పని జరుగుతుందని తెలిశాకే పెద్ద చీటీ పడుతుంది.

ఫైళ్ల సంగతి వేరే. ప్రతి పిల్లవాడికీ ఫారం 7లో వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. మొదటి మూడు నెలలు 15 రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి ప్రగతి నివేదిక రాయాలి. ఇంటికి పంపడానికి 15 రోజుల ముందు ఒకటి, పంపాక రెండు నెలలకూ ఆరు నెలలకూ ఎలా ఉన్నాడో చూసి మళ్లీ రాయాలి. ఉద్దేశం చాలా మంచిది. కానీ "ఎన్ని ఫారాలు అప్‌లోడ్ అయ్యాయి" అన్నదొక్కటే అడిగే ఆఫీసులో నెలనెలా ఒకే వాక్యం కాపీ అవుతుంది: "బాలుడి ప్రవర్తన బాగున్నది, చదువు పర్వాలేదు." పనికొచ్చే నివేదిక ఇలా ఉంటుంది: "మంగళవారం కావలి నుంచి నాయనమ్మ ఫోన్ చేసింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాన్న మళ్లీ తాగుతున్నాడని చెల్లెలు చెప్పిందట. ఇంటికి పంపే తేదీ వాయిదా వేసి చెల్లెలి పరిస్థితి చూడాలి." ఇది రాయాలంటే కేస్ వర్కరు పిల్లవాడి పక్కన అరగంట కూర్చోవాలి. కూర్చున్న అరగంటను పనిగా లెక్కేసే పైఅధికారి కావాలి.

ఇంటి విచారణలో ఈ తేడా ఇంకా ఖరీదుగా తేలుతుంది. సామాజిక విచారణ నివేదికకు చట్టం ఇచ్చింది 15 రోజులు. నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల కాపలాకు కుదిరిన యానాది కుటుంబం ఈ నెల ఉన్న గుంట దగ్గర వచ్చే నెల ఉండదు. పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల నుంచి వలసపోయిన తల్లిదండ్రులు గుంటూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లలో తెలుగు రాని కుటుంబాలున్నాయి. పొగాకు బ్యారన్లు నడిచే రోజుల్లో ఇంట్లో పగలు మనిషి దొరకడు. యర్రగొండపాలెం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లు దాటుతుంది. బస్సులో వెళ్లి, ఊళ్లో నలుగురితో మాట్లాడి రావాలంటే రోజంతా పడుతుంది. ప్రయాణ ఖర్చుల (టీఏ) బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. "పెండింగ్ ఎన్ని?" అని వారం వారం అడిగితే జరిగేది ఒక్కటే. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుకు ఫోన్ చేసి, ఆధార్ కాపీ వాట్సాప్‌లో తెప్పించి, "కుటుంబం అనుకూలం" అని రాసేస్తారు. పిల్లవాడు ఇంటికి వెళ్తాడు. మూడు నెలలకు మళ్లీ అదే రైలెక్కుతాడు. రికార్డులో అది ఒక రెస్టోరేషన్ (ఇంటికి చేర్చడం), ఆ తర్వాత ఒక కొత్త కేసు. అంకెలు రెండూ పెరిగాయి కాబట్టి పని బాగా జరిగినట్టే కనిపిస్తుంది.

మనుషులు మారిపోవడం మరో దెబ్బ. అమెరికాలోనే మిల్వాకీలో 2005లో ఒక లెక్క తీశారు. ఒకే కేస్ వర్కరు చూసిన పిల్లల్లో 74.5 శాతం మందికి స్థిరమైన కుటుంబం దొరికింది. ఇద్దరు మారినచోట అది 17.5 శాతానికి పడిపోయింది. ఈ అంకెల్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. చిక్కుముడి కేసులు ఎక్కువ కాలం నడుస్తాయి, ఎక్కువ కాలం నడిస్తే వర్కర్లు మారే అవకాశమూ ఎక్కువే, కనుక తేడా మొత్తం మార్పు వల్లే అనలేం. అయినా కొంత భాగం దానిదేనని హోముల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జరిగిన ఘోరం ఒకసారి చెప్పుకోవడానికే పిల్లకు నెలలు పడుతుంది. కొత్త మేడం వచ్చి "మొదటి నుంచి చెప్పమ్మా" అంటే ఆ పిల్ల "ఏమీ లేదు మేడం" అనేసి ఊరుకుంటుంది.

మన దగ్గర మనుషులు ఎందుకు నిలవరు? ఏకమొత్తం జీతం, ఏడాది కాంట్రాక్టు, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం వాటాల్లో ఏది ఆలస్యమైనా ఆగిపోయే జీతాలు. టీచరు పోస్టో, సచివాలయం ఉద్యోగమో వస్తే వెళ్లిపోతారు. వెళ్లేవాళ్లను తప్పుపట్టలేం. దీనికితోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు గూడూరు వైపు తిరుపతి జిల్లాకు, కందుకూరు నెల్లూరుకు మారాయి. ఇలా గీతలు మారినప్పుడల్లా పిల్లవాడు ఒక జిల్లా హోములో, వాడి ఊరు ఇంకో జిల్లా కమిటీ పరిధిలో ఉండే పరిస్థితి వస్తుంది. ఫైలు రెండు ఆఫీసుల మధ్య నలుగుతుంది.

సిబ్బందికి తగిలే దెబ్బ గురించి ఎవరూ మాట్లాడరు. పోక్సో కేసుల్లో పిల్లలు చెప్పేది వారం వారం వినే కౌన్సెలరుకు నిద్ర పట్టకపోవడం, సొంత పిల్లల్ని బయటికి పంపాలంటే భయం వేయడం, కొన్నాళ్లకు ఏదీ మనసుకు తాకకుండా పోవడం జరుగుతాయి. 1960లో లండన్‌లోని ఒక ఆసుపత్రి నర్సుల మీద ఇసబెల్ మెంజీస్ రాసిన అధ్యయనంలో, నర్సులు రోగిని పేరుతో కాక "పదో మంచం లివరు" అని పిలవడం కనిపిస్తుంది. బాధ తగలకుండా సంస్థ నేర్పిన అడ్డుతెర అది. మన ఆఫీసుల్లో "పోక్సో పాప", "రైల్వే కేసు", "ఆ చైల్డ్ మ్యారేజీ" అనే పిలుపులు అక్కడి నుంచే వస్తాయి. చెడ్డ మనుషులు కావడం వల్ల కాదు, మంచి మనుషులకు ఊపిరి తీసుకునే చోటు లేక.

ఇందులో జిల్లా స్థాయిలో, కొత్త జీవో రాకుండా మార్చగలిగినవి ఉన్నాయి. అన్నిటికంటే ముందు, వారానికో గంట కేసుల మీటింగు. ఫోన్లు పక్కన పెట్టి, ఆయా నుంచి సూపరింటెండెంటు దాకా అందరూ కూర్చోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లల గురించే మాట్లాడాలి: ఈ వారం ఏం మారింది, మనకు ఏది అర్థం కావడం లేదు, ఎవరు ఏ రోజుకు ఏం చేస్తారు. మెమో ఊసు ఆ గదిలో రాకూడదు. క్రమశిక్షణ వేరే రోజు, వేరే చోట. మొదటి నెల ఎవరూ నోరు తెరవరు, అప్పుడే ఆపేయకూడదు. సూపరింటెండెంటే ముందు తనకు తెలియనిదొకటి చెబితే మిగతావాళ్లు కదులుతారు.

హౌస్ ఫాదరు, హౌస్ మదర్ల డ్యూటీ 24 గంటలుంటే ఏ శిక్షణా పనిచేయదు. నిద్రలేని మనిషికి ఓర్పు ఉండదు. రెండు షిఫ్టులకు మనుషులు చాలకపోతే కనీసం రాత్రి పది నుంచి పొద్దున ఆరుదాకా ఇద్దరుండేలా చూడాలి. ఇది పిల్లలకూ రక్షణే, సిబ్బందికీ రక్షణే.

ఎవరైనా ఉద్యోగం వదిలిపెడితే ఫైలు అప్పగించి సంతకం తీసుకుంటే సరిపోదు. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు కలిసి పిల్లతో రెండుసార్లు కూర్చోవాలి. ఇప్పటిదాకా పిల్ల చెప్పిందంతా పిల్ల ఎదుటే, ఆమె ఒప్పుకున్నంతవరకే కొత్తవాళ్లకు చెప్పాలి. పోస్టు ఖాళీగా ఉండిపోయేట్టయితే ఆ మధ్యకాలంలో ఎవర్ని అడగాలో ఒక్క పేరు పిల్లకు చెప్పాలి.

రివ్యూలో అడిగే ప్రశ్న మారితే కింద పని మారుతుంది. "ఎంతమందిని ఇంటికి పంపారు?" బదులు "ఆరు నెలల కింద పంపినవాళ్లలో ఎంతమంది ఇంకా ఇంట్లో ఉన్నారు, ఎంతమంది బడికెళ్తున్నారు, స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఎవరికి అందుతోంది?" అని కలెక్టరు అడిగితే టీఏ బిల్లులు కూడా కదులుతాయి. కమిటీ నెలకు కనీసం రెండుసార్లు హోములను చూడాలని చట్టంలో ఉంది. జిల్లా తనిఖీ బృందం మూడు నెలలకోసారి, ముగ్గురికి తగ్గకుండా, ఒక మహిళ, ఒక వైద్యాధికారితో రావాలి. వచ్చినవాళ్లు రిజిస్టర్ల కంటే ముందు పిల్లలతో, సిబ్బంది పక్కన లేకుండా, మాట్లాడాలి. ఆయాలతోనూ అలాగే.

పనిలో పనిగా పుట్టినరోజు కేకుల సంగతి. పెద్దమనుషులు పండ్లు, బ్రెడ్డు పంచి పిల్లలతో ఫొటో దిగడం, పేపర్లో వేయించుకోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెంటిలోనూ అలవాటే. పిల్లల గుర్తింపు బయటపెడితే 74వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. వద్దని చెప్పే ధైర్యం హోము ఇన్‌చార్జికి ఉందా లేదా అన్నదానిబట్టి ఆయన వెనక పీడీ నిలబడతారో లేదో చెప్పేయొచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండి హోము వదిలే పిల్లల దగ్గర ఈ లెక్కలన్నీ ఒక్కసారిగా తేలతాయి. 21 ఏళ్ల దాకా ఆఫ్టర్ కేర్ కింద నెలకు 4,000 రూపాయలు, బస, శిక్షణ ఇవ్వొచ్చు. అందుకు బ్యాంకు ఖాతా, ఆధార్‌లో సరైన పుట్టిన తేదీ, టీసీ, కుల ధ్రువపత్రం కావాలి. తల్లిదండ్రుల జాడ లేని పిల్లకు ఎమ్మార్వో ఆఫీసులో కుల ధ్రువపత్రం తేలడానికే నెలలు పడుతుంది. కాబట్టి పదహారేళ్లకే మొదలుపెట్టాలి. ఏ కాగితం ఎక్కడ ఆగిందో ఫైలు మొదటి పేజీలో తేదీలతో రాసి ఉంచాలి. నాలుగో కేస్ వర్కరు వచ్చినా ఆ పేజీ చూసి రెండో రోజే ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లగలగాలి.